అప్‌డేట్: లీజు బాకీ, కాల్ రికార్డింగ్

కావలి దగ్గర మా రొయ్యల గుంట లీజుకు తీసుకున్నాయన లక్షన్నర బాకీ ఉన్నానని ఫోన్‌లో ఒప్పుకున్నాడు, ఆ రికార్డింగ్ కోర్టులో చెల్లుతుందా అని అడిగాను కదా. మొన్న నెల్లూరులో లాయర్‌ని కలిశాను. చెల్లుతుందట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం నేను, రెండోది నిపుణుడు నింపాలి. ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. గొంతు ఆ లీజుకు తీసుకున్నాయనదేనని కూడా తేలాలి.

లాయర్‌కి రికార్డింగ్ వినిపించాను. గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోతలో సగం మాటలు పోయాయి, అదృష్టం, ‘లక్షన్నర’ మాత్రం స్పష్టంగా వినబడింది. “ఆ ఫోన్ అమ్మబాకు, రీసెట్ కొట్టబాకు” అన్నాడు లాయర్. వారం కిందటే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయబోయాను! ఇప్పుడది బీరువాలో ఉంది. ముందు నోటీసు పంపిస్తున్నాం.