ఇంటర్న్‌షిప్‌లో ఆయుష్ వారం: పనికొచ్చేదా, టైమ్ వేస్టా?

కాకినాడ_ఇంటర్న్:
ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌లో ఒక వారం ఆయుర్వేదం, యోగా, హోమియో లాంటి వాటిలో ఏదో ఒకటి చెయ్యాలని 2021 నిబంధనల్లో పెట్టారు కదా. మా బ్యాచ్‌లో చాలామంది దాన్ని సెలవుల కింద లెక్కేసుకుంటున్నారు, పీజీ ఎంట్రన్స్‌కి చదువుకోవచ్చని. తమాషా ఏంటంటే జలుబు చేస్తే హాస్టల్లో మిరియాల కషాయం కాచుకునేదీ వాళ్లే. నాకైతే ఆ వారం ఉండాలనే ఉంది. మీరేమంటారు?

గట్టుమీద_డాక్టర్:
వద్దు. 2004లో అచ్చయిన అమెరికా పరిశోధనలో బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడింది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగి లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు రాశారు. ఆయుర్వేద పీజీలు 58 రకాల ఆపరేషన్లు చెయ్యొచ్చన్నందుకు 2020 డిసెంబర్ 11న ఓపీలు ఆపేసింది మనమే కదా, ఇప్పుడు వాళ్ల దగ్గరే పాఠానికి కూర్చోవాలా?

భీమవరం_బీఏఎమ్‌ఎస్:
ఆకు మందుకీ, లోహాల్ని కాల్చి చేసే భస్మానికీ తేడా చూడకుండా అన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు సార్, ఆ తేడా తెలియడానికే ఆ వారం. మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో మంచం పట్టినప్పుడు ఆయన్ని లేపింది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యమే. మీరు కంఠస్థం చేసే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ ఎవరి చలవో గుర్తు చెయ్యాలా?

గట్టుమీద_డాక్టర్:
మంచి ఉదాహరణే, కానీ సగమే చెప్పారు. నయమైందిలే అని ఆయన ఊరుకోలేదు. అదే స్ప్రూ ఇంట్లో తోబుట్టువును కూడా తీసుకుపోయింది, ఆయన అమెరికా వెళ్లి ల్యాబ్‌లో కూర్చున్నాడు. స్ప్రూకి ఇవాళ మనం ఇచ్చేది ఫోలిక్ యాసిడ్ విటమిన్, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్. ఫోలిక్ యాసిడ్ తయారైందీ, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ వచ్చిందీ ఆయన నడిపిన లెడర్లీ ల్యాబ్‌లోనే. ఆయన్ని మా వైపు కూర్చోబెట్టండి.

లంకవాసి:
ఆయ్, నేను డాక్టర్ని కాదండి, కొబ్బరి రైతుని. మా లంకలో కామెర్లొస్తే ముందు పసరు, పథ్యం, ఆ తర్వాతే రక్తపరీక్ష. పోయిన వర్షాకాలం మా బావని ఆసుపత్రిలో చేర్చాం. ఒక కుర్ర డాక్టర్ గారు నాటు మందేమైనా వాడారా అంటే మా అక్క లేదండి అని అబద్ధం చెప్పేసింది. పక్క మంచం ముసలావిడ ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు వార్డంతా వినేలా తిట్లు తింది మరి.

కాకినాడ_ఇంటర్న్:
నేనూ మొదట్లో అలాగే అడిగేవాణ్ణండి, ఆ గొంతులోనే తిట్టు ఉంటుంది. ఇప్పుడు "ఏ ఊళ్లో పసరు వేయించుకున్నారు, ఉప్పు మానెయ్యమన్నారా" అంటున్నా, అన్నీ చెప్పేస్తున్నారు. దాంతోపాటు ఇంకేం మింగారో కూడా.

గట్టుమీద_డాక్టర్:
ఇది ఒప్పుకుంటా. కానీ ఈ మాట నేర్చుకోడానికి ఆయుష్ ఆసుపత్రి దేనికి, లంకలో పీహెచ్‌సీకి పంపితే చాలు. హెపటైటిస్-ఏ అయితే చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, పేరు పసరుకొస్తుంది. ఈ ముక్క అక్కడ ఎవరు చెప్తారు?

భీమవరం_బీఏఎమ్‌ఎస్:
నేను చెప్తా, రండి. బదులుగా మీ వార్డులో మాకూ ఒక వారం ఇప్పించండి, అప్పుడు చూద్దాం ఎవరు సెలవు పెడతారో.

లంకవాసి:
ఇంతకీ మా బావ ఎలా ఉన్నాడో ఒక్కరూ అడగలేదండి. లక్షణంగా ఉన్నాడు, దింపు పనికి వెళ్తున్నాడు. పసరు పోసినాయన నా వల్లే అంటున్నాడు. ఆసుపత్రి బిల్లు మాత్రం మేం కట్టాం.