టమాటాకు కొట్టిన బీటీ మందుతో పట్టుపురుగులు పోతే తప్పు ఎవరిది?

పలమనేరు మల్బరీ:
పట్టుపురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచి మూడు రోజులైంది. రాత్రి ఆకు వేస్తే షెడ్డంతా వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ తిన్నాయి. తెల్లారి మళ్లీ ఆకు వేశాను. కాసేపాగి పోయి చూస్తే తూర్పు వైపు అరల్లో చప్పుడే లేదు. పురుగులు తల పైకెత్తి బిగుసుకుని ఉన్నాయి. సాయంత్రానికి పక్కకు వాలిపోయాయి, మర్నాటికి నల్లబడి వాసన కొట్టాయి. 150 గుడ్ల గుంపుల (లేయింగ్స్) పంటలో సగం గుంట తీసి పూడ్చాను. ఆ అరలకు వేసింది పక్క టమాటా తోట గట్టునున్న నాలుగు సాళ్ల ఆకు. ముందురోజు సాయంత్రం ఆ తోటలో కాయతొలుచు పురుగుకు బీటీ పొడి కొట్టారు. అడిగితే “అది బయో మందు, ఏం కాదు” అంటున్నారు. బయో అయితే ఏం కాదా?

వి.కోట టమాటా:
ఏం కాదు. బీటీ అంటే మట్టిలో ఉండే బ్యాక్టీరియా. మూడేళ్లుగా కొడుతున్నా, నాకూ ఏం కాలేదు, గట్టు మీద గడ్డి తిన్న ఆవుకూ ఏం కాలేదు. డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంది, అంటే విషం తక్కువని. మీ పురుగులకు పాలరోగం తగిలి ఉంటుంది. షెడ్డు కడుక్కోకుండా పక్కవాళ్లను అంటే ఎట్లా?

పలమనేరు మల్బరీ:
పాలరోగం నాకు తెలీదా? ఒళ్లు ఉబ్బి, ముట్టుకుంటే పాలలాంటి నీరు కారుతుంది. అది రోజుకు కొన్ని చొప్పున చంపుతుంది. ఇవి పగలు తిరిగేలోపు పోయాయి. అదే షెడ్డు, అవే గుడ్లు, వేరే ఆకు తిన్న పడమటి అరలు బాగున్నాయి. దానికేం చెబుతారు?

తిరుపతి మైక్రోబయాలజీ:
ఎం.ఎస్సీ చదువుతున్నాను. నాకు తెలిసింది చెబుతాను.

ఈ బ్యాక్టీరియా పేరు బాసిల్లస్ తురింజెన్సిస్. అది సిద్ధబీజంగా (స్పోర్, అంటే నిద్ర దశ) మారేటప్పుడు లోపల ఒక ప్రొటీన్‌ను స్ఫటికంగా పేర్చుకుంటుంది. మైక్రోస్కోపులో చూస్తే చిన్న కలకండ పలుకులా అంచులు తేరి ఉంటుంది. చంపేది ముఖ్యంగా ఆ ప్రొటీనే. మన కడుపులో ఉండేది ఆమ్లం, అక్కడ అది మామూలు ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది. గొంగళిపురుగు పేగు దానికి ఎదురు, అంతా క్షారం. పట్టుపురుగులో పీహెచ్ 10 దాకా ఉంటుంది. అక్కడ స్ఫటికం కరిగి సుమారు 130 కిలోడాల్టన్ల (అణువుల బరువు కొలత) ప్రొటీన్ బయటపడుతుంది. పురుగు సొంత జీర్ణరసాలే దాన్ని కత్తిరించి సగానికి తెస్తాయి. మిగిలిన ఆ ముక్కే విషం.

ఆ ముక్కలో మూడు భాగాలుంటాయి. రెండోదీ మూడోదీ పేగు గోడ మీద తమకు అతికే ప్రొటీన్‌ను వెతికి పట్టుకుంటాయి. మొదటిది ఏడు హెలిక్సుల (స్ప్రింగులా చుట్టుకున్న ముక్కల) కట్ట, అది గోడలోకి దిగి రంధ్రం చేస్తుంది. కణాలు ఉబ్బి పగిలిపోతాయి. అందుకే పురుగు ముందు తిండి మానేస్తుంది. మల్బరీ అన్న చెప్పింది దీనికి సరిపోతుంది.

ఇంకో మాట. ఈ బ్యాక్టీరియా మొదట దొరికిందే పట్టుపురుగులో. 1901లో జపాన్‌లో ఇషివాటా చచ్చిపోతున్న పట్టుపురుగుల నుంచే దీన్ని తీశారు.

చిత్తూరు వాసి:
బీటీ వంకాయను 2010లోనే ఆపారు కదా, ఇది ఎట్లా అమ్ముతున్నారు?

తిరుపతి మైక్రోబయాలజీ:
అది మొక్కలోనే ఆ ప్రొటీన్ జన్యువు పెట్టింది. ఇది పైన చల్లే పొడి. రెండూ వేరు.

వి.కోట టమాటా:
తమ్ముడూ, చదువు బాగుంది. నా ప్రశ్నకు జవాబు రాలేదు. డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉందా లేదా?

తిరుపతి మైక్రోబయాలజీ:
ఉంది అన్నా. ఆ రంగు ఎలకల్లాంటి జంతువులకు తినిపించి చూసి ఇచ్చేది. పట్టుపురుగు సంగతి ఆ రంగు చెప్పదు.

వి.కోట టమాటా:
సరే. ఆ ప్రొటీన్ తనకు అతికేదాన్నే పట్టుకుంటుందని నువ్వే అన్నావు. మరి కాయతొలుచు పురుగుకూ పట్టుపురుగుకూ ఒకే పొడి ఎట్లా అతుకుతుంది?

తిరుపతి మైక్రోబయాలజీ:
మంచి ప్రశ్న. పొడిలో ఉండేది ఒక్క ప్రొటీన్ కాదు. పురుగులకు వాడే కుర్‌స్టాకి రకంలో క్రై 1ఏఏ, 1ఏబీ, 1ఏసీ, క్రై 2ఏ అని కొన్ని కలిసి ఉంటాయి. క్రై 1ఏసీ కాయతొలుచు పురుగును బాగా చంపుతుంది, పట్టుపురుగును పెద్దగా ఏమీ చేయదు. 1ఏఏ పట్టుపురుగును గట్టిగా చంపుతుంది. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పట్టుకునే చోట మాత్రం కొద్ది తేడా. పురుగు వైపునా అంతే. 1ఏబీకి లొంగని పట్టుపురుగు రకాన్ని జపాన్‌లో చూస్తే, పేగు గోడలోని ఒక ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కట్టే ఇటుక) అదనంగా ఉందని 2012లో తేలింది. ఆ ఒక్కటి చేరేసరికి విషానికి పట్టు దొరకలేదు. నాకు ఈ సబ్జెక్టు మీద ఇష్టం కలిగిందే అది చదివాక.

పలమనేరు మల్బరీ:
అయితే మాకు ఆ రకం గుడ్లే ఇవ్వొచ్చు కదా?

వి.కోట టమాటా:
జపాన్ గుడ్లు వచ్చేదాకా నా తోట పురుగుకు వదిలేయాలా?

ఇప్పుడు చెబుతా వినండి. నా పక్కన కూడా మల్బరీ తోట ఉంది. మూడేళ్ల కిందట ఆయన వచ్చి చేతులు పట్టుకున్నాడు, “ఘాటు మందులు కొట్టొద్దు, పంట పోతుంది” అని. ఆయన కోసం అవి మాని ఈ పొడికి వచ్చా. ఆ ఏడాది పురుగు ఆగలేదు. తొలిచిన కాయ 30 బాక్సులు మార్కెట్‌లో ఎవరూ అడగక రోడ్డు పక్కన పోసి వచ్చా. ఆ నష్టం ఎవరిచ్చారు? ఇప్పుడు ఈ పొడి కూడా తప్పేనంటే నేనేం కొట్టాలి?

పలమనేరు మల్బరీ:
అది నాకు తెలీదన్నా. షెడ్డు గురించి అన్న మాటకు కోపం వచ్చింది. నేనడిగేది మందు మానమని కాదు. ఆ తోటవాళ్లు ముందురోజు ఒక్క ఫోన్ చేసుంటే ఆ నాలుగు సాళ్లు కోసేవాణ్ణే కాదు.

వి.కోట టమాటా:
ఫోన్ చేస్తే కొట్టొద్దంటారు. అందుకే ఎవరూ చెయ్యరు.

పలమనేరు మల్బరీ:
ఒకప్పుడు నేనూ అట్లాగే అన్నా. నిజమే.

కుప్పం రైతు:
మా దగ్గర గట్టు పక్క రెండు సాళ్ల ఆకు కోయరు. కొట్టేవాళ్లు గాలి చూసి కొడతారు.

తిరుపతి మైక్రోబయాలజీ:
కాయతొలుచు పురుగుకు ఎన్‌పీవీ అనే వైరస్ మందు ఉంది. అది ఆ పురుగునూ దాని దగ్గరి చుట్టాలనూ మాత్రమే పట్టుకుంటుంది, పట్టుపురుగు జోలికి పోదు. బెల్లం, బట్టలకు వాడే నీలిమందు కలిపి సాయంత్రం కొడతారు, ఎండకు పాడవకుండా. 16 సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి వేస్తే ఆ పురుగు గుడ్లు ఎక్కువగా బంతి మీదే పెడుతుంది.

వి.కోట టమాటా:
బంతి ఈసారి వేస్తా. వైరస్ మందు మా షాపులో ఉందేమో అడుగుతా. లేకపోతే బీటీనే, చెప్పి కొడతా.

పలమనేరు మల్బరీ:
పొద్దునే చెప్పాలన్నా. అటువైపు ఆకు ముందే కోసుకోవాలి కదా.

వి.కోట టమాటా:
పొద్దున నాకే తెలీదు. మధ్యాహ్నం కాయ తిప్పి చూస్తే పురుగు కనబడుతుంది, ఆ సాయంత్రమే కొట్టాలి.