డీబీఎస్ బ్యాటరీ ఉన్న పేషెంటుకు ఫేకో: కాటరీ వాడొచ్చా, మెషీన్ ఆపాలా?

ఓటీ_బెజవాడ:
సూర్యారావుపేటలో మా కంటి ఆసుపత్రి లిస్టులో పార్కిన్సన్స్ పేషెంటు ఒకరున్నారు. కుడి కాలర్ ఎముక కింద డీబీఎస్ (మెదడులోకి వైరు పెట్టి కరెంటుతో వణుకు తగ్గించే యంత్రం) బ్యాటరీ, శుక్లం కూడా కుడి కంటికే. డివైస్ పుస్తకంలో డయాథెర్మీ (కరెంటుతో ఒంట్లో వేడి పుట్టించడం), అల్ట్రాసౌండ్ రెండూ వద్దని రాసుంది. మా కాటరీ (రక్తం కారకుండా కాల్చేది), ఫేకో (అల్ట్రాసౌండ్ సూదితో శుక్లం తీసేది) కూడా దాని కిందికే వస్తాయా? ఆఫ్ చేసి తీసుకురమ్మనాలా?

కంటి_సర్జన్_గుంటూరు:
ఆ హెచ్చరిక ముఖ్యంగా ఫిజియోథెరపీలో మెడకీ భుజానికీ పెట్టే షార్ట్‌వేవ్, మైక్రోవేవ్, అల్ట్రాసౌండ్ కాపడం గురించండి. ఆ శక్తి వైరు వెంట పాకి ఎలక్ట్రోడ్ కొన దగ్గర మెదడును కాల్చేస్తుంది. ఫేకో సూది సుమారు 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఊగుతుంది, దాని ప్రభావం కంట్లోనే ఆగిపోతుంది.

కాటరీ బైపోలారే వాడండి. కరెంటు ఫోర్సెప్స్ రెండు మొనల మధ్యే తిరుగుతుంది. మోనోపోలార్‌లో ముఖం నుంచి ఒంటికి అంటించిన ప్లేటు దాకా ఒంట్లోంచి పోతుంది, దారిలో మెడ వైరు ఉంటుంది. క్లియర్ కార్నియల్ కోత (రక్తనాళాలు లేని కార్నియాలో) పెడితే మామూలుగా కాటరీ ఊసే రాదు. అయస్కాంతపు ఇన్‌స్ట్రుమెంట్ మ్యాట్ ఛాతీ మీద పరచకండి, కొన్ని పాత బ్యాటరీలు అయస్కాంతం తగిలితే ఆగిపోతాయి. చెవి వెనక వైరు ఉబ్బు మీద తల పట్టీ బిగించొద్దు.

మత్తు_డాక్టర్:
ఆఫ్ చేయించకండి. వణుకు నిమిషాల్లో తిరిగొస్తుంది, తల అదిరిందంటే కంటి లెన్సు చుట్టూ ఉండే పొర (క్యాప్సూల్) చిరిగినట్టే. మోనోపోలార్ తప్పదనుకుంటేనే ఆఫ్, అదీ న్యూరాలజిస్టుతో మాట్లాడాక. పేషెంటు రిమోట్ ఓటీ గుమ్మం దాకా రావాలి. ముందూ తర్వాతా ఆన్‌లో ఉందో లేదో చూసి కేస్‌షీటులో రాయండి. ప్రోగ్రామింగ్ హైదరాబాద్‌లో చేయించుకుంటుంటే ఆ టీమ్ నంబరు ముందే తీసుకోండి. ఈసీజీ గీతలు గజిబిజిగా వస్తే స్టిమ్యులేషన్ వల్ల కావచ్చు, పల్స్ ఆక్సీమీటర్ తరంగంతో సరిచూసుకోండి.

అసలు తంటా ఖాళీ కడుపు పేరుతో పొద్దుటి సిండోపా (పార్కిన్సన్స్ మాత్ర) ఎగ్గొట్టించడంతో వస్తుంది. గుక్కెడు నీళ్లతో టైముకి వేయించాల్సిందే. వాంతికి మెటోక్లోప్రమైడ్ వద్దు, ఒండాన్‌సెట్రాన్ ఇవ్వొచ్చు (పార్కిన్సన్స్‌కే ఇచ్చే అపోమార్ఫిన్ వాడేవాళ్లకు అదీ వద్దు). రసాజిలిన్ (ఇంకో పార్కిన్సన్స్ మందు) మీద ఉంటే నొప్పి మందులు పెథిడిన్, ట్రమడాల్ జోలికి పోకండి.

ఓటీ_బెజవాడ:
మాది బైపోలారే సార్. బయోమెట్రీ (లెన్సు పవర్ కోసం కంటి కొలత) రెండుసార్లు తీస్తే రెండు రకాలుగా వచ్చింది, అదీ వణుకు వల్లేనా?

కంటి_సర్జన్_గుంటూరు:
వణుకొక్కటే కాకపోవచ్చు. వీళ్లు రెప్పలు తక్కువ ఆర్పుతారు, కన్ను పొడిబారి కెరటోమెట్రీ (కార్నియా వంపు కొలత) తప్పుతుంది. కొన్ని వారాలు లూబ్రికెంట్ చుక్కలు వాడించి, మాత్ర బాగా పనిచేసే వేళలో మళ్లీ తీయండి. కొలిచే ముందు మాత్రం చుక్కలు వేయొద్దు.