కౌలు రైతు దశమ భాగం: రాశి మీదా, మిగులు మీదా?

కోవూరు కయ్య:
అందరికీ వందనాలు. మొదటి పంట కోతలు అయిపోవచ్చాయి, కోతల పండుగ దగ్గర పడింది. కౌలుకు చేసేవాళ్లు చర్చికిచ్చే దశమ భాగం, అంటే పదో వంతు, దేని మీద తీయాలి? ఎకరాకు 3 పుట్లు అయినాయనుకోండి. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు గనక 2,550 కిలోలు. పుట్టి కౌలుకు పోద్ది. దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్ బాడుగ కలిపి ఇంకో పుట్టిన్నర ఖరీదు. ఇంటికొచ్చేది అరపుట్టి, 425 కిలోలు. రాశి మీద, అంటే మొత్తం పంట మీద పదో వంతంటే 255 కిలోలు. మిగులు మీదైతే 42న్నర. ఏది న్యాయం?

ప్రథమ ఫలం:
రాశి మీదే. బైబిల్లో సామెతలు 3:9 చూడండి, రాబడి అంతటిలో ప్రథమ ఫలం. ఖర్చులు పోను అని యాడా లేదు. ముందు దేవుడి వంతు పక్కన పెట్టి ఆ తర్వాత అప్పులోళ్ల మొహం చూడాలి. మలాకీ 3:10లో నన్ను శోధించి చూడండని ఆయనే అన్నాడు గదా. మిగిలినదాంట్లో ఇచ్చేదానికి విశ్వాసం ఎందుకు, కాలిక్యులేటర్ చాలు.

చిట్టా ఆవర్జా:
బ్రదర్, లేవీయకాండం 27:30 భూమి పంటలో పదో వంతు అంటది, నిజమే. కానీ అక్కడ పొలం ఎవరిది? గోత్రాల వారీగా చీట్లేసి పంచిన స్వాస్థ్యం, ఇచ్చేవాడి సొంతం. కౌలు పుట్టి రాశిలో కనపడినా కౌలుదారుది కాదు. పరాయి ధాన్యం మీద వాడెట్లా ఇస్తాడు? 2 కొరింథీ 8:12లో పౌలు చెప్పింది కలిగినదాన్ని బట్టి అని, లేనిదాన్ని బట్టి కాదు. మీ లెక్కన 425లో 255 పోద్ది. అది పదో వంతు కాదు, నూటికి అరవై.

తూకం:
అసలా 3 పుట్లు ఏ తేమ మీద చెప్తున్నారు? కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటకూడదు. మిషన్‌తో కోసిన పచ్చి వడ్లు 22 ఉన్నాయనుకోండి, 2,550 కిలోలు 17కి ఆరేసరికి 2,396. 154 కిలోలు ఆవిరి. కళ్లంలో తూకం మీద ఇస్తే నీళ్ల మీద కూడా దశమ భాగం ఇచ్చినట్టే.

ప్రథమ ఫలం:
తేమ మీటరుతో దేవుడి దగ్గరికి పోతారా అన్నా? ఆకాశ పక్షులు కొట్లలో కూర్చుకోవు, అయినా ఆయన పోషిస్తున్నాడు. నమ్మకం లేదని చెప్పండి, పోనీ.

గుండ్లకమ్మ గట్టు:
నమ్మకం సంగతి ఒంగోలువాళ్లకు చెప్పబాకండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ప్రార్థన చేసి ఊరుకోలా. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాల మాదిగ పల్లెల జనానికి కూలి ఇప్పించాడు. దేవుడి పోషణ గడ్డపార మీదుగా వచ్చింది. కూటి కోసం చేరతారని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. కరువు పని అయినాకే, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆయన బువ్వ ఆశతో రావద్దన్నాడు. మనం కానుకేస్తే పంట పండుద్ది అంటున్నాం. కృతజ్ఞత అంటే అందినదానికి చెప్పేది. ముందే ఇచ్చి ఎదురు చూస్తే అది బయానా.

స్తుతి:
ఆమెన్. బయానా మాట బాగుంది.

ప్రథమ ఫలం:
బయానా అంటారా! మరి బైబిల్లో సారెపతు విధవరాలు ఏలీయా ప్రవక్తకు ముందు రొట్టె చేసి పెట్టింది, తర్వాతే గదా పిండి తక్కువ కాలేదు?

గుప్పెడు బియ్యం:
అన్నా, ఏలీయా కూడా ఆ ఇంట్లోనే తిన్నాడు, ఆమెను బతికించే పోయాడు. మన పద్ధతి చూడండి. కానుకల చిట్టా మైకులో చదువుతారు. తక్కువ చదివిస్తే పరువు పోద్దని కౌలుదారు వడ్ల వ్యాపారి దగ్గర అప్పు తెస్తాడు. వచ్చే పంట ఆ వ్యాపారి చెప్పిన రేటుకే పోద్ది. ద్వితీయోపదేశ 14:28, 29లో మూడో ఏడు దశమ భాగం ఊళ్లోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు తినాలని ఉంది. పంట మునిగిన ఇంటికి సంఘం నుంచి ఏం పోతోంది?

ఆడోళ్ల గుప్పెడు బియ్యంతో మొదలుపెట్టొచ్చు. ఎసట్లో పోసేముందు కడగని బియ్యంలోంచి గుప్పెడు. 45 గ్రాములనుకుంటే రెండు పూటలా నెలకు 2.7 కిలోలు, ముప్పై ఇళ్లయితే 81 కిలోలు. చెడేది ఎక్కడంటే, అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తారు. ఒకరివి పాత బియ్యం, ఒకరివి కొత్తవి, ఒకరివి రేషన్‌వి. వండితే కొన్ని ముద్ద, కొన్ని పలుకు, ఎవరూ తీసుకోరు. రెండు డబ్బాలు పెట్టి పాతవి వేరు, కొత్తవి వేరు పోయండి. తడి చేత్తో తీసిన గుప్పెడు ఒక్కటి పడినా ఉండలు కట్టి పురుగు పడుద్ది. నెల దాటనివ్వకుండా పంచేయాలి.

ప్రథమ ఫలం:
అమ్మా, పంచడం మంచిదే. పాస్టరు అయ్యగారి జీతం ఎవరిస్తారు? గుడి కరెంటు బిల్లు? మిగులు లెక్క మొదలైతే సగం సంఘం సున్నా రాసుద్ది, పదెకరాల ఆసామి కూడా ఎరువుల బిల్లు చూపిస్తాడు. నా బాధ అది.

చిట్టా ఆవర్జా:
ఇన్నాళ్టికి అసలు మాట చెప్పారు. సరే, రాశి మీదే తీద్దాం. ఆ కౌలు పుట్టి మీద 85 కిలోలు ఆసామి ఇవ్వాలి గదా? కౌలు తినే ఆసాములు ముందు వరసలోనే కూర్చుంటారు. ఆ 85 కిలోలు మైకులో ఎప్పుడన్నా చదివారా?

తూకం:
కౌలు డబ్బుగా తీసుకుంటే కిలోల్లో ఎట్లా చెప్తారు?

చిట్టా ఆవర్జా:
డబ్బులో పదో వంతు.

ప్రథమ ఫలం:
అది ఆసామికీ దేవుడికీ మధ్య విషయం.

కోవూరు కయ్య:
కౌలుదారుది మాత్రం మైకులో విషయమా అన్నా? 2019 చట్టం కింద కౌలు కార్డు రావాలంటే ఆసామి సంతకం కావాలి. 11 నెలల కౌలు కాగితానికే చెయ్యి రానివాళ్లు, కానుకల పుస్తకంలో కౌలు ఇంత వచ్చిందని రాస్తారా?