డ్రాగ్ రేసింగ్‌లో తొలి ఖర్చు బండి మీద పెట్టాలా, నడిపే మనిషి మీద పెట్టాలా?

గుణుపురం_కుర్రాడు

అందరికీ నమస్కారం. నాది రాయగడ జిల్లా గుణుపురం, వయస్సు 22. బజాజ్ పల్సర్ ఎన్‌ఎస్ 200 నడుపుతున్నాను. బండి కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది, సైలెన్సర్ కూడా మార్చలేదు. వచ్చే సంవత్సరం లోపల 402 మీటర్ల డ్రాగ్ రేసులో (నిలబడిన చోటు నుంచి తిన్నని దారిలో చివరి గీత దాకా పరుగు) ఒక్కసారైనా పేరు నమోదు చేయించుకుని గీత దగ్గర నిలబడాలని ఉంది. విజయనగరం వైపు ఒకరు పోర్టింగ్ (బలం పెరగడానికి ఇంజిన్ లోపలి దారులను మలిచే పని) చేయించిన యమహా ఆర్‌ఎక్స్ 100 అమ్ముతామంటున్నారు. కూడబెట్టిన డబ్బుతో అది కొనాలా, లేక ఉన్న బండితోనే వెళ్లి ఆ డబ్బును హెల్మెట్, లెదర్ సూట్, ప్రయాణం, లైసెన్సులకు వాడుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇంకొక సంగతి కూడా అడగాలి. మా స్నేహితులు తెల్లవారుజామున ఊరి బయట రోడ్డు మీద పందేలు వేస్తుంటారు. సాధన కోసం నేనూ అక్కడికి వెళ్లవచ్చా? పెద్దలు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను, ఎందుకంటే కారణం లేని "వద్దు" ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను.

పర్లాకిమిడి_పాతబండి

తమ్ముడూ, ఆర్‌ఎక్స్ కొనుక్కో. డ్రాగ్ రేసులో వర్గాలను ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి, టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా అన్నదాన్ని బట్టి విడదీస్తారు. షోరూమ్ నుంచి వచ్చిన బండితో నువ్వు వెళ్తే, అదే వర్గంలో తల నుంచి తోక దాకా పని చేయించిన బండ్లు నీ పక్కన నిలబడతాయి. రెండో గేరు దాటకముందే వాళ్ల వీపు తప్ప నీకు ఏమీ కనబడదు. ఆర్‌ఎక్స్ 1985లో మన దేశంలో వచ్చింది, 1996లో ఆగిపోయింది, అయినా ఈ రోజుకీ దాని పికప్ తెలిసిన మెకానిక్ శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు. తేలికైన బండి కాబట్టి మొదలుపెట్టేవాడికి చేతిలో ఇముడుతుంది.

ఇక సాధన మాట. డ్రాగ్ పోటీలు జరిగే మద్రాసు ట్రాక్ మనకు సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. అంత దూరం బండి మోసుకువెళ్లిన కొత్తవాడికి అక్కడ దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టే పరుగులే, ఆ కాసినితో ఎవరికీ విద్య రాదు. గట్టు మీద కూర్చుని చేతులు ఆడిస్తే ఈత రాదు కదా. మన జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు రోడ్డు తప్ప వేరే గతి లేదన్న నిజాన్ని ఒప్పుకుని మాట్లాడుకుంటే మంచిదని నా అభిప్రాయం.

బరంపురం_షెడ్డు

పర్లాకిమిడి అన్నగారు దూరం గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆర్‌ఎక్స్ కొనమన్నదీ, రోడ్డు మీదే సాధన అన్నదీ, ఆయన చేసిన ఈ రెండు తీర్మానాలూ నిలబడవని అనుకుంటున్నాను. కొంచెం వివరంగా రాయవలసి వస్తోంది, ఓపిక పట్టండి.

డ్రాగ్ రేసులో కొత్తవాడు ఓడిపోయేది చివరి వంద మీటర్లలో కాదు, మొదటి ఇరవై మీటర్లలో. అందుకే ట్రాక్ మీద అరవై అడుగుల దగ్గర, అంటే 18.3 మీటర్ల దగ్గర, విడిగా సమయం నమోదు చేసి చీటీ మీద చూపిస్తారు. అక్కడ పోగొట్టుకున్న పదో వంతు సెకను చివరి గీత దగ్గర కనీసం పదో వంతు గానే మిగులుతుంది, తరచు ఇంకా పెరుగుతుంది కూడా, ఎందుకంటే నెమ్మదిగా బయలుదేరిన బండి ఆ తరువాతి దూరమంతా తక్కువ వేగంతోనే మొదలుపెడుతుంది. ఈ ఇరవై మీటర్లలో పని చేసేది ఇంజిన్ శక్తి కన్నా ఎక్కువగా ఎడమ చేతి వేళ్లు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలిసి, ఇంజిన్ వేగాన్ని ఒక చోట నిలిపి, ఛాతీని ట్యాంకు మీదికి వంచి, ముందు చక్రం లేవకుండానూ ఇంజిన్ ఊపిరి ఆడక కుంగిపోకుండానూ క్లచ్‌ను జార్చుతూ వదలడం రావాలి. ఇది రానివాడికి పోర్టింగ్ చేసిన ఆర్‌ఎక్స్ లాంటి టూ స్ట్రోక్ ఇస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఆ ఇంజిన్లలో బలమంతా పై ఆర్‌పీఎమ్‌లో, అంటే ఇంజిన్ బాగా వేగంగా తిరిగేటప్పుడు, ఒక ఇరుకు పట్టీలో ఉంటుంది, కింద దాదాపు ఏమీ ఉండదు. కొంచెం తక్కువైతే బండి కదలదు, కొంచెం ఎక్కువైతే హ్యాండిల్ ముఖం మీదికి వస్తుంది. పల్సర్ తప్పును కొంత క్షమిస్తుంది, నేర్చుకునేవాడికి ఆ క్షమ అవసరం.

రెండో విషయం దీపాలు. క్రిస్మస్ ట్రీ అనే దీపాల స్తంభం పైన బండి గీత దగ్గర సరిగ్గా నిలిచిందని చూపే రెండు స్టేజింగ్ దీపాలు, వాటి కింద మూడు పసుపు దీపాలు, ఆ కింద పచ్చ, ఎరుపు ఉంటాయి. మామూలు వరుసలో పసుపు దీపాలు అర సెకను చొప్పున వెలిగి పచ్చ పడుతుంది. పచ్చ పడ్డప్పటి నుంచి ముందు చక్రం గీత దగ్గర అడ్డంగా పోయే కాంతి కిరణాన్ని విడిచేదాకా పట్టే కాలం రియాక్షన్ టైమ్. అక్కడి నుంచి చివరి గీత దాకా పట్టేది ఈటీ (ఎలాప్స్‌డ్ టైమ్). పరుగు గడియారం పచ్చ దీపంతో కాక మన చక్రం కదలడంతో మొదలవుతుంది కాబట్టి ఈ రెండూ వేర్వేరు లెక్కలు. ఒకడు 16.20 సెకన్లలో పరుగెత్తి 0.65 సెకన్లు ఆలస్యంగా కదిలాడనుకోండి, మొత్తం 16.85. పక్కవాడు 16.40లో పరుగెత్తి 0.35కే కదిలితే మొత్తం 16.75. ఇద్దరూ జతగా బయలుదేరే పోటీలో నెమ్మదైన బండివాడే గెలిచాడు. ఆర్‌ఎక్స్‌కు పోసే డబ్బు ఆ మొదటి 0.65ను ఒక్క వంతు కూడా తగ్గించదు.

ఇప్పుడు రోడ్డు సంగతి. చట్టం మాట తరువాత, ముందు విద్య మాటే చూద్దాం. రోడ్డు మీద ఎవరో ఒకరు చెయ్యి దించితే పరుగు మొదలవుతుంది. కిరణం లేదు, అరవై అడుగుల లెక్క లేదు, దుమ్ము ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. కొలత లేని చోట రెండు వందల సార్లు పరుగెత్తినా నిన్నటి కన్నా బాగుపడ్డామో లేదో తెలియదు, పక్కవాడిని దాటామన్న సంతోషం ఒక్కటే మిగులుతుంది. పైగా ఆగడం ఉంది. ఎన్‌ఎస్ 200 స్థాయి బండి 402 మీటర్ల చివర గంటకు 130 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుందనుకుంటే, మంచి పొడి తారు మీద గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి సుమారు 95 మీటర్లు కావాలి. ఎదురుగా ఏదో ఉందని గుర్తించడానికి పట్టే ఒక్క సెకనులోనే మరో 36 మీటర్లు దాటిపోతాం. అదే బండి 65 మీద ఉంటే బ్రేకు దూరం 24 మీటర్ల లోపే. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది, ఇందులో ధైర్యానికి చోటు లేదు. మన రోడ్ల మీద తెల్లవారుజామున వాహనాలు ఉండవు, నిజమే. కానీ సంతకు కూరగాయలు మోసుకుపోయే వాళ్లూ, దూడలను తోలుకుపోయే వాళ్లూ ఉండేది ఆ వేళలోనే.

చట్టం చూస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం వేయడం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, పది వేల దాకా జరిమానా. జనానికి రాకపోకల హక్కున్న చోటు ఏదైనా బహిరంగ స్థలమే అవుతుంది గనుక, రోడ్డు ఖాళీగా ఉందన్న వాదన పనికిరాదు.

మరి సాధన ఎక్కడ అంటారు. యజమాని అనుమతితో రైస్ మిల్లు సిమెంటు కళ్లం చాలు. ముందు గింజలూ ఊకా శుభ్రంగా ఊడ్చండి, అవి టైరు కింద పూసల్లా దొర్లుతాయి. మొదటి గేరులోనే ఇరవై మీటర్లు, ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా, పూర్తి సూట్ వేసుకుని చేయండి. స్నేహితుడు టార్చిలైటు వెలిగిస్తాడు. ఆ వెలుగూ మీ ముందు చక్రమూ ఒకే చిత్రంలో పడేలా ఫోన్‌తో వీడియో తీయండి. సెకనుకు 60 చిత్రాలు తీసే ఫోన్‌లో వెలుగు వచ్చిన చిత్రం నుంచి చక్రం కదిలిన చిత్రం దాకా లెక్కపెట్టి 60తో భాగిస్తే మీ రియాక్షన్ టైమ్ వస్తుంది. ఖర్చు లేదు, కేసు లేదు. వరుసగా చేస్తే క్లచ్ ప్లేట్లు కాలి వాసన వస్తుంది, మధ్యలో చల్లారనివ్వండి.

పర్లాకిమిడి_పాతబండి

షెడ్డు గారూ, సెక్షన్లు నాకు కొత్త కాదు. ఒక మాట అడుగుతాను. అమెరికాలో ఈ ఆట రోడ్డు మీదే పుట్టింది. 1950లో కాలిఫోర్నియాలోని సాంటా ఆనాలో విమానాల రన్‌వే మీద డ్రాగ్ పోటీలు మొదలైతే, మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) ఏర్పడి ఆ రోడ్డు కుర్రవాళ్లను నియమాల కిందికి తెచ్చింది. అక్కడ వాళ్లకు చోటు ఇచ్చాకే రోడ్డు మానమన్నారు. ఇక్కడ చోటు ఇవ్వకుండానే మానమంటున్నారు. మన బరంపురం పక్కనే రంగైలుండలో రన్‌వే ఉంది. దాని మీద ఏడాదికి ఒక్క రోజు పెట్టించలేని మనం గుణుపురం కుర్రవాడికి నీతులు చెప్పడం న్యాయమా? మీ కళ్లం పద్ధతితో క్లచ్ వస్తుందేమో గానీ, మూడో గేరులో బండి ఊగినప్పుడు హ్యాండిల్ గట్టిగా బిగించకుండా ఉండే నిబ్బరం వస్తుందా?

బరంపురం_షెడ్డు

రాదు. ఆ నిబ్బరం ట్రాక్ మీదే వస్తుంది, అందుకే డబ్బు ప్రయాణానికి మిగల్చమంటున్నాను. రంగైలుండ గురించి మీ కోపం న్యాయమైనదే. కానీ అది విమానాల కోసం ఉన్న చోటు. అక్కడ ఒక రోజు దొరకాలంటే ప్రభుత్వ లిఖిత అనుమతి, దేశంలోని మోటారు క్రీడల క్లబ్బుల సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ గుర్తింపు ఉన్న క్లబ్బు, అంబులెన్సు, ఆగడానికి చాలినంత ఖాళీ అన్నీ చూపించాలి. అర్జీ రాద్దామంటే మొదటి సంతకం నాది. అయితే రోడ్డు మీద ఒక్క ప్రమాదం జరిగి పేపర్లో పడితే ఆ అర్జీని ఎవరూ తెరిచి కూడా చూడరు.

నిర్వాహకులు

ఒక సభ్యులు రోడ్డు పందెం జరిగే చోటు, వేళ రాసిన వ్యాఖ్యను తొలగించాము. అభిప్రాయం ఏదైనా రాయండి, చిరునామాలు రాయవద్దు.

కొరాపుట్_ఘాటు

ఆర్‌ఎక్స్ కొనే పక్షం గెలిచినా సరే, ఒక సాంకేతిక హెచ్చరిక అవసరం. దీన్ని పట్టించుకోక ఇంజిన్లు పాడుచేసుకునేవారు మా వైపు ఎక్కువ. కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది. వంద మీటర్లు పైకి వెళ్లే కొద్దీ గాలి దాదాపు ఒక శాతం పలుచబడుతుంది, కాబట్టి ఇక్కడ గాలి తీరం కన్నా ఎనిమిది శాతం పైగా తక్కువ. ఆ గాలికి సరిపడేలా కార్బురేటర్‌లో చిన్న మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం ఉన్న ముక్క) వేసి, బండి అద్భుతంగా పోతోందని మురిసిపోతాం. అదే బండిని మద్రాసు తీసుకువెళ్తే గాలి చిక్కబడుతుంది, పెట్రోలు మాత్రం పెరగదు. అలా గాలికి పెట్రోలు చాలక మిశ్రమం పలుచనైతే వేడి పెరిగి, ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తుంది. వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటే రైడర్ ఎక్కడ పడతాడో చెప్పలేము. ట్రాక్ దగ్గరికి చేరాక పెద్ద జెట్టుతో మొదలుపెట్టి, ప్లగ్ రంగు చూసుకుంటూ తగ్గించాలి. ప్లగ్ చాక్లెట్ రంగులో ఉంటే మంచిది, తెల్లగా ఉంటే ఆ బండిని మళ్లీ గీత మీదికి తీసుకువెళ్లకూడదు. గుణుపురం కొండ కింద ఉంది కాబట్టి తేడా ఇంతుండదు, కానీ విజయనగరం బండిని ఎవరు, ఏ ఊళ్లో ట్యూన్ చేశారో అడగకుండా కొనవద్దు.

గుణుపురం_కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. ఆర్‌ఎక్స్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాను. పర్లాకిమిడి అన్నగారు కోపగించుకోవద్దు, షెడ్డు అన్నగారి 16.75 లెక్క నన్ను పట్టుకుంది. రెండు సందేహాలు మిగిలాయి. నా బండికి పూర్తి ఇన్సూరెన్సు ఉంది, రేసులో పడితే అది వర్తిస్తుందా? బండిని మద్రాసు దాకా నడుపుకుంటూ వెళ్లవచ్చా?

బరంపురం_షెడ్డు

వర్తించదు తమ్ముడూ. మామూలు మోటారు పాలసీలో వ్యవస్థీకృత రేసింగు, వేగ పరీక్షలు మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి, నీ పాలసీ కాగితంలో "వాడుక పరిమితులు" అన్న భాగం చదువు. బండికి జరిగే నష్టం నీ జేబుదే అనుకుని దిగాలి. నడుపుకుంటూ వెళ్లవద్దు, వెయ్యి కిలోమీటర్లు కూర్చున్న నడుముతో గీత నుంచి సరిగ్గా బయలుదేరలేవు. రైలు పార్శిల్‌లో వేయవచ్చు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ, గుర్తింపు కార్డు నకళ్లు దగ్గర ఉంచుకోవాలి. ట్రాక్ ఇరుంగాట్టుకోట్టైలో, శ్రీపెరుంబుదూరు దారిలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ప్రకటన వెలువడగానే ఆ పోటీ నియమాల పుస్తకం తెప్పించుకుని, లైసెన్సుకూ వైద్య పరీక్షకూ ముందే దరఖాస్తు పెట్టు. డబ్బు ఖర్చు పెట్టే వరుసలో హెల్మెట్ మొదటిది, తరువాత సూట్, గ్లవ్స్, చీలమండ పైకి వచ్చే బూట్లు. వెనక టైరు అరిగి ఉంటే అదీ చూసుకో.

పర్లాకిమిడి_పాతబండి

కోపం ఏమీ లేదు తమ్ముడూ. రోడ్డు విషయంలో నా మాట మారలేదు, కళ్లం పద్ధతి మాత్రం మా కుర్రవాళ్లతో చేయిస్తాను. కానీ ఒక్క మార్పు అయినా చేయకుండా బండిని తీసుకువెళ్లడం నాకు నచ్చడం లేదు. ఎన్‌ఎస్‌లో ముందు స్ప్రాకెట్‌కు (చైను తిప్పే పళ్ల చక్రానికి) 14 పళ్లు ఉంటాయి. దాని బదులు 13 వేస్తే వెనక చక్రానికి అందే లాగుడు సుమారు 7.7 శాతం పెరుగుతుంది. ఇంజిన్ విప్పనక్కరలేదు, అరగంట పని.

బరంపురం_షెడ్డు

అన్నగారూ, దీనితో నాకు పేచీ లేదు, కాకపోతే ఇంజిన్ అంతే త్వరగా పై ఆర్‌పీఎమ్‌కు చేరుతుంది గనుక చివరి గీత చేరేలోపల ఒక గేరు ఎక్కువ మార్చవలసి రావచ్చు. మార్పులు చేయని బండ్ల వర్గంలో పేరు ఇస్తే స్ప్రాకెట్ మార్చడానికి ఒప్పుకుంటారో లేదో నియమాల పుస్తకంలో చూశాకే వేయించండి.