‘మంద మగును’? ‘మండు టరుదు’? – ఆటవెలది రెండో పాదం

అమలాపురం:
మాకు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారు ఆల్కేన్ల (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న గొలుసు అణువుల) పాఠానికి సొంతంగా ఒక ఆటవెలది కట్టి వల్లె వేయించేవారు. నాకు నిలిచినవి రెండు పాదాలే:

గొలుసు సాగినంత గుణములు మారును
మరుగు వేడి పెరుగు మంద మగును

చివర ‘మంద మగును’ అన్నారా, ‘సాంద్ర మగును’ అన్నారా? తక్కిన పాదాలు తెలిసినవారు పెట్టగలరు.

భీమవరం:
‘సాంద్ర’ నిలవదు. యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో జతపడే చోట, మకారం ఉండాలి కదా. ప్రాసయతి (రెండో అక్షరాల జత) అందామన్నా ‘మరుగు’లోని రేఫకు ‘సాంద్ర’లోని సంయుక్తం జత కాదు, పైగా ముందున్నది ఒకచోట లఘువు, ఒకచోట గురువు.

రాజోలు:
అదే పద్యం మా బడిలోనూ ఉండేది. మేము చదివింది ‘మండు టరుదు’. గణం సరే, యతి సరే. అర్థం ఇంకా బాగుంది. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలోనూ నిప్పు తగిలితే అంటుకుంటుంది, గొలుసు ఇంకా పొడుగైన కిరసనాయిలుకు సుమారు 38 డిగ్రీలు దాటాలి. మా నేల కింద ఉన్నది ప్రధానంగా మీథేన్, ఒకే ఒక్క కార్బన్. అది −162 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. 1995లో పాసర్లపూడి గ్యాస్ బావిలో రెండు నెలలకు పైగా ఎగసిన మంటను చూసినవాళ్లకు చిన్న అణువు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

తణుకు:
రాజోలు గారూ, మీరు చెప్పినది అంటుకోవడం గురించి. మండటం అరుదు కాదు. కొవ్వొత్తి మైనంలో ఇరవైకి మించిన కార్బన్లుంటాయి, వత్తి దాన్ని ఆవిరిగా మార్చి అందిస్తే చక్కగా మండుతుంది. కిలోకు ఇచ్చే వేడి కూడా పెట్రోలుతో ఇంచుమించు సమానమే. రసాయనం తెలిసిన మాస్టారు ఆ మాట వేయరు.

‘సాంద్ర’కు కూడా ఛందస్సు కన్నా పెద్ద అడ్డంకి ఉంది. ఆరు కార్బన్ల హెక్సేన్ సాంద్రత 0.66, పదహారు కార్బన్ల హెక్సాడెకేన్‌ది 0.77. పెరిగింది అంతే, నీటిని అందుకోలేదు. అదే స్నిగ్ధత (పారడానికి ద్రవం చూపే అడ్డు) సుమారు పది రెట్లవుతుంది! గొలుసు పొడుగైతే పక్క అణువును తాకే మేర పెరుగుతుంది, ఆకర్షణ పెరుగుతుంది, అణువులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని జారడం కష్టమవుతుంది. కనుక ‘మంద మగును’ అంటే ద్రవం చిక్కనవుతుందని.

ద్రాక్షారామం:
చిక్కన కాదు, నెమ్మది. మందగమన, మందహాస, మందానిలం, వీటిలో ఎక్కడుంది చిక్కదనం? మందాక్రాంత వృత్తాన్నే చూడండి. నాలుగు గురువులు బరువుగా అడుగులు వేశాకే ఐదు లఘువులు పరుగెత్తుతాయి. కాళిదాసు మేఘదూతం మొత్తాన్నీ ఆ ఒక్క వృత్తంలో నడిపాడు, విరహి మనసు కదలలేక కదలడం ఆ నాలుగు గురువుల్లోనే వినిపిస్తుంది. ఎన్నిసార్లు చదివినా మొదటి శ్లోకం దగ్గర నేను ఆగిపోతాను. మాస్టారికి సంస్కృతం వచ్చి ఉంటుంది.

భీమవరం:
మందపాటి దుప్పటి నెమ్మదైనదా? తెలుగులో ‘మందం’ దళసరితనమే. తెలుగు పిల్లలకు చెప్పిన పద్యంలో మేఘదూతం దాకా వెళ్లడమెందుకు?

ద్రాక్షారామం:
శ్రీనాథుడు మా భీమేశ్వరుడి కథ చెప్పింది తెలుగువాళ్లకే, అందులో ఎంత సంస్కృతం ఉందో మీకు తెలియనిది కాదు.

తణుకు:
రెండర్థాలూ ఉంచుకోవచ్చు. ద్రవం చిక్కనైనందుకే నెమ్మదిగా పారుతుంది.

భీమవరం:
శ్లేష అనడం సులువు. కవి ఉద్దేశించాడని ఎలా తేల్చాలి?

రాజోలు:
నా పాత నోటుపుస్తకంలో మూడో పాదం దొరికింది, రెండోది ఉన్న పుట చినిగిపోయింది:

కొమ్మ లున్న చోట కొంచెము తగ్గును

శాఖలున్న అణువులకు మరిగే వేడి తగ్గుతుందని.

తణుకు:
‘కొంచెము’ ఎలా ఒప్పుకుంటాం? ఐదు కార్బన్లు వరసగా ఉన్న పెంటేన్ 36 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అవే ఐదు కార్బన్లు నాలుగు వైపులా విచ్చుకుని గుండ్రబడిన నియోపెంటేన్ 9.5 దగ్గరే మరుగుతుంది. అక్కడ ‘గొప్పగ’ అయి ఉండాలి. గణం మారదు, యతి చెడదు. నోటుపుస్తకంలో ఆ అక్షరాలు మళ్లీ చూడండి, మాస్టారు చెబుతుంటే వేగంగా రాసుకున్నారేమో.