బెంగళూరు–హైదరాబాద్: విమానంలో వెళ్తే నిజంగా టైమ్ కలిసొస్తుందా?

అనంతపురం అబ్బాయి:
మేముండేది ఎలక్ట్రానిక్ సిటీ. నాన్నగారిని మియాపూర్‌లో అక్కావాళ్ళింట్లో దింపి రావాలి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఫ్లైట్ అయితే గంటంపావే కదా అని నేను. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే బస్సే నయమని మా ఆవిడ. మీరేమంటారు?

హోసూరు రోడ్డు వాసి:
మీ ఆవిడ మాటే నా మాట. టికెట్ మీద ఉన్న గంటంపావుని నమ్ముకోకండి. పనిరోజు సాయంత్రం క్యాబ్ ఎక్కితే సిల్క్ బోర్డు, హెబ్బాళ దాటి దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు చేరేసరికి రెండు గంటలు. వాన పడిందా, ఇక చెప్పక్కర్లేదు. చెక్-ఇన్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందే అక్కడుండాలి. ఆపైన ఫ్లైట్ గంటంపావు, లగేజీకి అరగంట, శంషాబాద్ నుంచి ఔటర్ మీద మియాపూర్‌కి ఇంకో గంట. మొత్తం ఆరుంపావు గంటలు! రాత్రి బస్సుకి పది గంటలు పట్టనీయండి, అవి నిద్రలోనే గడిచిపోతాయి. పగలంతా మీ చేతిలో ఉంటుంది.

ఇందిరానగర్ అక్క:
2008 మే దాకా ఊళ్ళోనే ఉన్న పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు నుంచే ఎక్కేవాళ్ళం. అప్పుడు ఈ గొడవే లేదు.

కొత్తగా చేరాను:
నాదో సందేహం. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య తిన్నగా కొలిస్తే సుమారు 456 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకి 800 దాటి పోతుంది. అరగంట పైచిలుకు సరిపోవాలి కదా, గంటంపావు ఎందుకు?

రన్‌వే రాజు:
టికెట్ మీద వేసే టైమ్ గాల్లో ఎగిరేది ఒక్కటే కాదు తమ్ముడూ. ఇక్కడ గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా నెమ్మదిగా పోవాలి, ముందున్న విమానాల వెనక ఆగాలి. పైగా రెండు చోట్లా రన్‌వేలు తూర్పు–పడమరలుగా ఉంటాయి. మనం పోవాల్సిందేమో ఉత్తరానికి. పడమటి గాలి ఉన్న రోజు పడమటికి లేచి, ఉత్తరానికి తిరిగి, అక్కడ మళ్ళీ రన్‌వేకి ఎదురుగా వచ్చేలా చుట్టి దిగాలి. ఇంత దగ్గర ప్రయాణంలో పైకెక్కడానికీ కిందికి దిగడానికే సగానికి పైగా పోతుంది, పూర్తి వేగంతో పోయేది కాసేపే.

కర్నూలు కోడలు:
అందరూ గంటలే లెక్కపెడుతున్నారు, ఆ పెద్దాయన మోకాళ్ళ సంగతి ఎవరూ అడగరేం? స్లీపర్ బస్సులో కింది బెర్త్ దొరికినా వంగి దూరాలి. చాలా బస్సుల్లో టాయిలెట్ ఉండదు. అర్ధరాత్రి డ్రైవర్‌ని బతిమాలి, హైవే పక్కన చీకట్లో దిగాలి. మా మామగారు ఆ భయానికి సాయంత్రం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అదా ప్రయాణం? ఫ్లైట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి, టెర్మినల్ గుమ్మం దగ్గర నుంచి సీటు దాకా వాళ్ళే తీసుకెళ్తారు. రైలైనా పర్వాలేదు. 2023 సెప్టెంబరులో యశ్వంతపూర్–కాచిగూడ వందే భారత్ వేశారు, ఎనిమిదిన్నర గంటలు. కూర్చునే వెళ్ళాలి గానీ, లేచి నాలుగడుగులు వేయొచ్చు.

హోసూరు రోడ్డు వాసి:
మోకాళ్ళ విషయంలో మీ మాట కాదనను అక్కా. అయితే ఆదివారం తెల్లవారుజాము ఫ్లైట్ చూసుకోమనండి, ఆ వేళకి రోడ్డు ఖాళీ, గంటలో దేవనహళ్ళి. పనిరోజు సాయంత్రం మాత్రం ఆయన్ని సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో కూర్చోబెట్టొద్దు.

అనంతపురం అబ్బాయి:
ఆదివారం ఆరింటి ఫ్లైట్ ఒకటి కనిపిస్తోంది. వీల్‌చైర్‌తో కలిపి ఈ రాత్రే బుక్ చేస్తాను.